ఇళ్లకంటే ముందు రావాల్సినవి: శివారు ప్రణాళికలు రాసేవారికి బహిరంగ లేఖ

నగర శివార్లలో లేఅవుట్లకు అనుమతులిచ్చే అధికారులకు, మాస్టర్ ప్లాన్లు తయారుచేసే నిపుణులకు, వాటిని ఆమోదించే ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

వేగంగా పెరుగుతున్న శివారు ప్రాంతాల గురించి వెలువడే నివేదికలను నేను వదలకుండా చదువుతుంటాను. ఎన్ని లేఅవుట్లు మంజూరయ్యాయి, ఎన్ని చదరపు అడుగుల ఆఫీసు స్థలం సిద్ధమైంది, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి, రిజిస్ట్రేషన్ల ఆదాయం కిందటేడు కంటే ఎంత పెరిగింది, ఇవన్నీ వాటిలో వివరంగా ఉంటాయి. ఒక్క సంగతి మాత్రం ఏ నివేదికలోనూ నాకు దొరకలేదు. కొత్త ఇంట్లో దిగిన కుటుంబానికి కుళాయి నీళ్లు ఎన్నాళ్లకు అందాయి? మొదటి బస్సు ఎన్నేళ్లకు వచ్చింది? పిల్లలు నడిచి వెళ్లగలిగే బడి ఎప్పుడు తెరిచారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు మీ దగ్గర ఎక్కడో ఫైళ్లలో విడివిడిగా ఉండే ఉంటుంది. దాన్ని ఒకచోట చేర్చి చూడమని అడగడానికే ఈ లేఖ.

మాస్టర్ ప్లాన్ మ్యాప్ చూస్తే ఏది ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. పసుపు రంగులో ఇళ్లు, ఆకుపచ్చలో పార్కులు, చుక్కల గీతతో రాబోయే రైలు మార్గం. ఎంత విస్తీర్ణమో కూడా పక్కనే రాసి ఉంటుంది. ఎప్పుడు వస్తుందన్నది మాత్రం ఉండదు. ఇళ్లు అమ్ముడైన మరునాడే జనం దిగుతారు, చుక్కల గీత చుక్కల గీతగానే ఉండిపోతుంది. ఐదేళ్ల పాపతో దిగిన తల్లిదండ్రులకు 'రెండో దశలో బడి వస్తుంది' అని చెప్పారనుకుందాం. ఆ రెండో దశ పన్నెండేళ్లకు పూర్తయితే, మీ లెక్కలో ప్రణాళిక అమలైనట్టే. ఆ పాప మాత్రం అప్పటికే బడి చదువు ముగించి ఉంటుంది.

నేను అభివృద్ధికి వ్యతిరేకిని కాను. ఈ మాట ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే శివార్ల సమస్యల గురించి ఎవరు నోరు తెరిచినా వాళ్లను ఆ గాటన కట్టేయడం మామూలైపోయింది. నగరం నడిబొడ్డున ఇల్లు కొనలేని కుటుంబాలకు శివారు ఒక ఇంటినిస్తుంది. చదువుకుని బయటికొచ్చిన పిల్లలకు అక్కడి కొత్త ఆఫీసులు మొదటి ఉద్యోగం ఇస్తాయి. కట్టడం పనుల దగ్గర, దుకాణాల దగ్గర, కాపలా దగ్గర, ఇంటి పనుల దగ్గర వేలమందికి పని దొరుకుతుంది. ఇది చిన్న విషయం కాదు. నా బాధంతా వరస గురించే. ముందు రావాల్సినవి వెనక వస్తున్నాయి. కొన్ని అసలు రావడం లేదు.

వరస మారితే ఏమవుతుందో చూడటానికి రెండు ఊళ్ల కథ చాలు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ నగరపాలక సంస్థ 1904 నుంచే నగరం వెలుపలి పొలాలను కొనిపెట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి అక్కడ ఇళ్లు కట్టే ఆలోచన కూడా ఒక రూపానికి రాలేదు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత అలా కొన్న భూముల్లో వెలింగ్‌బీ అనే శివారు పట్టణం కట్టారు. ప్రణాళికకు నాయకత్వం వహించినవారు స్వెన్ మార్కేలియస్. ఇళ్లు లేస్తుండగానే, 1952లో మెట్రో రైలు అక్కడికి చేరింది. దుకాణాలు, గ్రంథాలయం, సినిమా హాలు వంటివాటితో పట్టణ కేంద్రం 1954 నవంబరులో ప్రారంభమైంది. స్టేషన్‌కు దగ్గరగా ఎత్తైన అపార్ట్‌మెంట్లు, దూరం వెళ్లేకొద్దీ చిన్న ఇళ్లు. చాలామంది స్టేషన్‌కు నడిచే వెళ్లగలిగారు. ఉద్యోగం, ఇల్లు, పట్టణ కేంద్రం మూడూ ఒకేచోట ఉండాలన్నది వాళ్ల ఆశయం. అక్కడ ఉండేవాళ్లలో సగం మంది అక్కడే పనిచేస్తారని అనుకున్నారు. అది నెరవేరలేదు, చాలామంది నగరానికి వెళ్లి రావాల్సే వచ్చింది. అయితే వెళ్లిరావడానికి రైలుంది. అనుకున్నది జరగకపోయినా జనం ఇరుక్కుపోలేదు. అంచనా తప్పినప్పుడు కూడా మనుషుల్ని కాపాడే ప్రణాళికే మంచి ప్రణాళిక అని నా అభిప్రాయం.

రెండోది జపాన్‌లోని తమా న్యూటౌన్. టోక్యో పడమటి కొండల్లో మూడు లక్షల మందికి పైగా ఉండేలా 1965లో దీని ప్రణాళిక ఖరారైంది. అది తెలివితక్కువ ప్రణాళిక కాదు. పార్కులు, బళ్లు, వాహనాలు అడ్డురాని నడక దారులు అన్నీ అందులో ఉన్నాయి. 1971లో మొదటి కుటుంబాలు దిగాయి. రైలు మాత్రం 1974లో వచ్చింది. మధ్యలో మూడేళ్లు జనం బస్సులో దూరంగా ఉన్న స్టేషన్‌కు వెళ్లి, అక్కడి నుంచి రైలెక్కి ఉద్యోగాలకు పోయారు. ఆ రోజుల్లో తమాను 'నేల మీది దీవి' అని పిలిచేవారు. మూడేళ్ల ఆలస్యానికే జనం ఒక పేరు పెట్టుకున్నారంటే, పదేళ్లు, పదిహేనేళ్లు ఎదురుచూసే శివార్లను ఏమని పిలవాలో మీరే ఆలోచించండి.

తమా మరో పాఠం కూడా చెబుతుంది. ఒకే కాలంలో, ఒకే వయసున్న దంపతులు వేలమంది దిగారు. పిల్లలందరూ ఒకేసారి బడికొచ్చారు, ఒకేసారి పెద్దవాళ్లై వెళ్లిపోయారు. కొన్ని బళ్లు మూతపడ్డాయి. లిఫ్టు లేని ఐదంతస్తుల భవనాల్లో మెట్లెక్కలేని వృద్ధులు మిగిలారు. ఒకే రకం ఇళ్లు, ఒకే ధాటిన కట్టి, ఒకే రకం కుటుంబానికి అమ్మితే ముప్పై నలభై ఏళ్లకు ఏమవుతుందో అక్కడ కళ్లారా చూడొచ్చు. చిన్న ఇళ్లూ పెద్ద ఇళ్లూ, సొంతవీ అద్దెవీ కలిపి కట్టించడం, కొంత స్థలాన్ని కావాలనే ఖాళీగా వదిలి తర్వాతి తరానికి ఉంచడం మీ చేతుల్లో ఉన్న పని.

ఇక లెక్కల సంగతి.

దేశ ఆదాయాన్ని లెక్కగట్టే పద్ధతికి పునాది వేసినవారిలో ముఖ్యుడు సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త. 1934లో అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికలోనే ఆయన ఒక హెచ్చరిక చేశారు. జాతీయాదాయాన్ని కొలిచినంత మాత్రాన ఆ దేశ ప్రజల సంక్షేమం ఎలా ఉందో చెప్పడం కష్టమన్నారు. కొలబద్ద తయారుచేసినవారే దాని హద్దు చెప్పారన్నమాట. 2008లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆర్థికవేత్తలు జోసెఫ్ స్టిగ్లిట్జ్, అమర్త్య సేన్, జాన్-పాల్ ఫిటూసీలతో ఒక కమిషన్ వేసింది. 2009లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక ట్రాఫిక్ జామ్‌నే ఉదాహరణగా తీసుకుంది. రోడ్డు మీద బండ్లు ఇరుక్కుపోతే పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది, ఆ ఖర్చు జీడీపీని పెంచవచ్చు, జీవన ప్రమాణం మాత్రం పెరగదు అని చెప్పింది.

శివార్లకు ఇది ఎంత దగ్గరి మాటో చూడండి. కుళాయి రాకపోతే ట్యాంకర్ కొంటాం, అది వ్యాపారం. బస్సు లేకపోతే ఇంటికి రెండు బండ్లు కొంటాం, అదీ వ్యాపారమే. బడి దూరమైతే స్కూలు వ్యాన్‌కు డబ్బు కడతాం. కరెంటు పోతుంటే జనరేటర్ పెట్టుకుంటాం. ఇవన్నీ ఆర్థిక వృద్ధి ఖాతాలోకే పోతాయి. ఒక కుటుంబం ఇలా చేసే ఖర్చులో ఎంత భాగం నిజంగా సుఖం కోసం, ఎంత భాగం లేని వసతికి బదులుగా పెడుతున్నదో విడదీసి చూడకుండా ఆ ప్రాంతం బాగుపడిందని ప్రకటించడం నాకు న్యాయంగా అనిపించదు.

డబ్బు కంటే పెద్ద ఖర్చు సమయం. 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది మహిళలను ముందురోజు ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో అడిగి ఒక పరిశోధన ప్రచురించారు. అన్నిటికంటే అడుగున నిలిచింది పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లే ప్రయాణం. ఇంటి పనులు కూడా దానికంటే మేలన్నారు. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. గంటన్నర పోను, గంటన్నర రాను ప్రయాణం చేసే మనిషి ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. సెలవురోజు వచ్చిందంటే వారం నిద్ర తీర్చుకోవడానికే సరిపోతుంది. పక్కింట్లో ఎవరున్నారో ఏళ్ల తరబడి తెలియదు. ఆరోగ్యం పాడైతే డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా వచ్చేవారానికి వాయిదా పడుతుంది. ఆ మూడు గంటలు మనిషి జీతంలోంచి కోసినట్టు కనబడదు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. ఆ టెన్షన్ మాత్రం ఇంట్లో అందరి మీదా పడుతుంది.

దీనికి మీరు సాధారణంగా చూపించే పరిష్కారం రోడ్డు వెడల్పు చేయడం. దయచేసి ఈ ఒక్క విషయంలో కాసేపు ఆగి వినండి.

ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే చెప్పారు: రద్దీ వేళల్లో నగరాల ఎక్స్‌ప్రెస్‌వేలను ఎంత పెంచినా, ఆ పెంచిన స్థలం నిండేదాకా బండ్లు వస్తూనే ఉంటాయి. 2011లో గిల్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల గణాంకాలు తీసి చూశారు. పెద్ద హైవేల పొడవు ఎంత శాతం పెరిగితే, బండ్లు తిరిగే దూరమూ దాదాపు అంతే శాతం పెరుగుతోందని తేలింది. రోడ్డు ఖాళీ అయిందని తెలియగానే ఇంకా దూరంలో కొత్త లేఅవుట్లు పుడతాయి. వాటిలో దిగినవాళ్లందరూ అదే రోడ్డెక్కుతారు.

అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి పడమటి శివార్లను కలిపే కేటీ ఫ్రీవే అనే పెద్ద రహదారిని 2008 నాటికి విస్తరించారు. సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల అది 26 వరసల రోడ్డు. ప్రపంచంలోనే అతి వెడల్పైన రోడ్లలో ఒకటి. 2011 నుంచి 2014 మధ్య ఆ రోడ్డు మీద సాయంత్రం రద్దీ వేళ ఇంటికి వెళ్లే ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది. 26 వరసలు వేసిన తర్వాత ఇక ఎక్కడికి వెడల్పు చేస్తారు?

అదే రోడ్డు పక్కన జరిగిన మరో సంగతి చెబుతాను. నన్ను ఎక్కువగా కలచివేసింది ఇదే. 1929లోనూ, 1935లోనూ వచ్చిన వరదల తర్వాత హ్యూస్టన్‌ను కాపాడటానికి 1940లలో అడిక్స్, బార్కర్ అనే రెండు ఆనకట్టలు కట్టారు. మామూలు రోజుల్లో వాటి వెనక నీళ్లుండవు, ఎండిన మైదానమే. పెద్ద వాన పడినప్పుడు మాత్రం అక్కడ నీటిని ఆపుతారు. నీళ్లు నిలవగల భూమి మొత్తాన్ని ప్రభుత్వం కొనలేదు, కొంతే కొన్నది. మిగిలింది ప్రైవేటు చేతుల్లో ఉండిపోయింది. అప్పట్లో అవి పొలాలు, పచ్చికబయళ్లు. నగరం పడమటికి పాకింది, రోడ్డు వచ్చింది, లేఅవుట్లు వచ్చాయి, వేల ఇళ్లు లేచాయి. కొన్ని లేఅవుట్ల పత్రాల మీద ఈ స్థలం నీట మునిగే అవకాశం ఉందని ఒక వాక్యం కూడా రాసి పెట్టారు. ఇల్లు కొనేటప్పుడు ఎంతమంది ఆ వాక్యం దాకా చదువుతారు? 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చింది. ఆనకట్టల వెనక నీళ్లు నిలిచాయి. అవి కట్టింది అందుకే. ఆ నీళ్లలో వేల ఇళ్లు మునిగాయి. ఆ ముంపుకు ప్రభుత్వానిదే బాధ్యత అని 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు చెప్పింది.

అక్కడ ఆనకట్ట చెడిపోలేదు. నీళ్లు నిలవాల్సిన చోటే నిలిచాయి. భూమి ఎక్కడ మునుగుతుందో ఇంజనీర్లకు తెలుసు, పత్రాల్లో ఉంది, కొన్నవాళ్లకు మాత్రం తెలియదు. అనుమతి ఇచ్చిన ప్రతి సంతకం చట్టప్రకారం సక్రమమే కావచ్చు. ఆ ఇళ్లలో దిగిన కుటుంబాలకు దానివల్ల ఏం ఒరిగింది?

వాన నీటి లెక్క చాలా సరళమైనది. చెట్లూ గడ్డీ ఉన్న సహజమైన నేల మీద కురిసిన వానలో దాదాపు పదోవంతు మాత్రమే పైపైన పారిపోతుంది. మిగిలింది నేలలో ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది. అదే నేలను ఇళ్లు, రోడ్లు, పార్కింగ్ స్థలాలతో ముప్పాతిక వంతుకు పైగా కప్పేస్తే సగానికి పైగా నీరు పారుతుంది. అంటే అదే వాన, అంతకుముందు కంటే ఐదు రెట్ల నీరు. ఎగువన ఒక లేఅవుట్‌కు అనుమతిస్తే దిగువన ఉన్న ఇంకో కాలనీ మునగవచ్చు. అయినా అనుమతులన్నీ ఒక్కో సర్వే నంబరుకు విడివిడిగానే ఇస్తారు. నీరు పారే దారి మొత్తాన్ని ఒక్కటిగా చూసి, ఎగువ నుంచి దిగువ దాకా కాలువలు కట్టాకే కొత్త అనుమతుల గురించి ఆలోచించడం న్యాయం.

ముందు వసతులు, తర్వాతే ఇళ్లు అని చట్టం చేస్తే సరిపోదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. చేసి చూశారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 1985లో అలాంటి చట్టం తెచ్చింది. కొత్త కట్టడాల భారం పడే సమయానికి రోడ్లు, తాగునీరు, మురుగునీటి వ్యవస్థ, పార్కుల వంటివి సిద్ధంగా ఉండాలన్నది దాని సారం. ఆలోచన గొప్పది. రోడ్ల దగ్గరికొచ్చేసరికి కొలత తప్పింది. బండ్లు ఎంత సాఫీగా పోతున్నాయన్నదే కొలతగా పెట్టుకున్నారు. నగరం లోపలి రోడ్లు అప్పటికే నిండి ఉన్నాయి కాబట్టి అక్కడ అనుమతి దొరకడం కష్టమైంది. ఊరికి దూరంగా ఖాళీ రోడ్లున్నచోట తేలిగ్గా దొరికింది. విచ్చలవిడిగా పాకే పట్టణాన్ని ఆపడానికి తెచ్చిన నియమమే దాన్ని ఇంకా బయటికి నెట్టింది. 2011లో రోడ్లు, బళ్లు, పార్కుల విషయంలో ఆ షరతును స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేశారు. నీరు, మురుగునీరు వంటివాటికి మాత్రం షరతు మిగిలింది.

దీన్నుంచి నేను నేర్చుకున్నది, వరసను నిర్ణయించే చట్టం అవసరమే, అయితే దాని కొలబద్ద బండి కాకూడదు. మనిషి నడిచి వెళ్లగలిగే దూరంలో ఏమున్నాయి, బస్సో రైలో ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది, ఒక గంటలో అందుకోగల ఉద్యోగాలెన్ని, వీటిని కొలవాలి. కాలిఫోర్నియా 2013లో ఒక చట్టం చేసి, పర్యావరణ అనుమతుల దగ్గర రోడ్డు రద్దీకి బదులు కొత్త కట్టడం వల్ల మొత్తం ఎంత దూరం బండ్లు తిరగాల్సి వస్తుందన్నది లెక్కలోకి తీసుకుంది. ఊరికి దూరంగా కట్టేదానికి ఆ లెక్క ఎక్కువ పడుతుంది. ఇలా కొలత మార్చుకోవడం అసాధ్యమేమీ కాదు.

డబ్బెక్కడ్నుంచి తేవాలన్నది మీ అసలు ప్రశ్న అని నాకు తెలుసు. దానికీ వరసకూ సంబంధం ఉంది. లేఅవుట్ అనుమతి రుసుము ఒకేసారి చేతికి వస్తుంది. ఆ లేఅవుట్‌లోని రోడ్డు, పైపు, వీధిదీపం, కాలువ మాత్రం స్థానిక సంస్థకు అప్పగించిన రోజు నుంచి శాశ్వతంగా మీ ఖర్చే. మొదటి పదేళ్లు అంతా కొత్తగా ఉంటుంది కాబట్టి ఆ ఖర్చు కనబడదు. ఇరవై ఏళ్లు దాటాక అన్నీ కలిసి పాడవుతాయి. అప్పుడు పాత కాలనీల మరమ్మతుకు కొత్త లేఅవుట్ల రుసుము కావాలి. అందుకోసం ఇంకొన్ని అనుమతులివ్వాలి, వాటి భారమూ తర్వాత మోయాలి. ఈ చక్రంలో పడ్డ సంస్థ వద్దనాల్సిన లేఅవుట్‌ను వద్దనలేదు. అనుమతిచ్చేముందే, ఆ లేఅవుట్ మీద నలభై ఏళ్లలో వచ్చే పన్నెంత, నలభై ఏళ్ల నిర్వహణ ఖర్చెంత అని ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ప్రజల ముందు పెట్టండి. చాలా నిర్ణయాలు అక్కడే మారతాయని నా నమ్మకం.

రైలు మార్గం ప్రకటించగానే చుట్టుపక్కల భూముల విలువ పెరుగుతుంది. ఆ విలువను పెంచింది ప్రజల డబ్బు. లాభం మాత్రం ముందే భూమి కొనిపెట్టుకున్నవాళ్లకు పోతుంది. ఇది ఇలాగే ఉండాలని ఎక్కడా లేదు. కొలంబియా 1921లోనే ఒక చట్టం చేసి, ప్రజాపనుల వల్ల విలువ పెరిగిన భూముల యజమానుల నుంచి అందులో కొంత వసూలు చేసే పద్ధతి తెచ్చింది. హాంకాంగ్‌లో మెట్రో సంస్థ స్టేషన్ల మీద, పక్కన ఉన్న స్థలాల్లో భవనాలు కట్టే హక్కులు పొంది, ఆ రాబడితో రైలు మార్గాలు వేసుకుంటోంది. స్టాక్‌హోమ్ భూమిని ముందే కొనిపెట్టుకుంది. మూడూ మూడు దారులు. మూడింటిలోనూ పెరిగిన విలువలో ప్రజలకు వాటా ఉంది. శివారు ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే భూమి ధర తక్కువగా ఉన్న కాలం ఒక్కసారే వస్తుంది. బడికి, ఆసుపత్రికి, బస్ డిపోకి, పార్కుకి స్థలం ఆ కాలంలోనే తీసి పెట్టకపోతే తర్వాత కొనడం ఏ సంస్థ వల్లా కాదు.

బ్రెజిల్‌లోని కురిచీబా నగరం దగ్గర అంత డబ్బు లేదు. మెట్రోకు బదులు 1974లో బస్సుల కోసమే ప్రత్యేక దారులు వేసింది. మేయర్ జైమ్ లెర్నర్ కాలంలో మొదలైన ఆ పనిలో నాకు నచ్చింది బస్సు ఒక్కటే కాదు. ఆ దారుల వెంటే ఎత్తైన భవనాలకు అనుమతిచ్చి, దూరం వెళ్లేకొద్దీ ఎత్తు తగ్గించారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ 1947లోనే అరచేయి ఆకారంలో ప్రణాళిక గీసుకుంది. రైలు మార్గాల వెంట వేళ్లలా శివార్లు, వేళ్ల మధ్య పచ్చటి నేల. రవాణా ఎక్కడుంటే ఇళ్లు అక్కడ, రవాణా లేనిచోట ఖాళీ. ఇంతకంటే సరళమైన నియమం ఉండదు.

మీ లెక్కల్లో సరిగా కనబడనివాళ్ల గురించి కూడా చెప్పాలి. బండి నడపలేనివాళ్లు ఏ ఊళ్లోనైనా చాలామందే ఉంటారు. పిల్లలు, వృద్ధులు, చూపు లేనివాళ్లు, బండి కొనే స్తోమత లేనివాళ్లు. కాపలా కాసేవాళ్లు, ఇంటి పని చేసేవాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఆ శివార్లలో ఉండలేక ఇంకా దూరం నుంచి వస్తారు. చాలామంది ఆడవాళ్ల ప్రయాణం ఇంటి నుంచి ఆఫీసుకు ఒకే గీతలా ఉండదు. పిల్లల్ని బడి దగ్గర దించి, పెద్దవాళ్ల మందులు తీసుకుని, కూరగాయలు కొని, పనికి వెళ్లి, మళ్లీ అదే వరసలో వెనక్కి రావాలి. ఈ చిన్న చిన్న ప్రయాణాలను సంరక్షణ ప్రయాణాలుగా ఒక్కచోట లెక్కించాలని స్పెయిన్ ప్రొఫెసర్ ఇనెస్ సాంచెస్ దె మదరియాగా చాలాకాలంగా చెబుతున్నారు. సర్వేల్లో అవి ముక్కలుగా విడిపోయి కనబడకుండా పోతాయి, కనబడనిదానికి ఫుట్‌పాత్ వేయరు.

పిల్లల గురించి ఒక లెక్క నన్ను వదలదు. ఇంగ్లండ్‌లో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన అధ్యయనం ప్రకారం 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయింది. ఒక్క తరంలోనే పిల్లల చేతిలోంచి వీధి జారిపోయింది. అదే కాలంలో ఆదాయాలు పెరిగాయి, ఇళ్లు పెరిగాయి, కార్లు పెరిగాయి. ఏడేళ్ల పిల్ల ఒంటరిగా నడిచి వెళ్లి, భయం లేకుండా తిరిగి రాగలదా అన్నది ఒక శివారు ప్రాంతం ఎలా ఉందో చెప్పడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష. వీధిదీపం, ఫుట్‌పాత్, బండ్ల వేగం, బడి దూరం, వీధిలో మనుషుల సందడి, అన్నీ సరిగా ఉంటేనే ఆ పిల్ల నడుస్తుంది. చెట్ల నీడ కూడా కావాలి. మొక్క చెట్టయ్యేందుకు పది పదిహేనేళ్లు పడుతుంది కాబట్టి అదీ మొదటి రోజే నాటాలి.

నేను అడిగేవి పెద్ద పెద్ద పథకాలు కావు. మాస్టర్ ప్లాన్‌లో ప్రతి బడి, ప్రతి నీటి పైపు, ప్రతి బస్సు మార్గం, ప్రతి వాన నీటి కాలువ పక్కన ఒక తేదీ రాయండి. ఆ తేదీ దాటితే ఆ ప్రాంతంలో కొత్త అనుమతులు ఆగిపోయేలా నియమం పెట్టండి. ఇళ్లలో దిగడానికి అనుమతిచ్చే ముందు కుళాయి తిప్పి చూడండి, మురుగు ఎక్కడికి పోతోందో చూడండి, బస్‌స్టాప్ దాకా నడిచి చూడండి. నీట మునిగే అవకాశం ఉన్న స్థలమైతే ఆ మాట అమ్మకం పత్రం మొదటి పేజీలో, కొనేవాళ్లకు అర్థమయ్యే భాషలో, పెద్ద అక్షరాలతో రాయించండి. నివేదికలో ఆదాయం పక్కన ఇంకో వరస చేర్చండి: ఇళ్లలో దిగిన రోజుకూ, నీరు, బస్సు, బడి వచ్చిన రోజుకూ మధ్య ఎన్ని నెలలు గడిచాయి. తొలి ఏడాది ఆ అంకెలు చూడటానికి బాగుండవు. అయినా ప్రచురించండి. మీలో నిజాయితీగా పనిచేసేవాళ్లకు పై అధికారుల దగ్గర, ప్రజల దగ్గర నిధుల కోసం పోరాడటానికి ఆ అంకెలే ఆధారమవుతాయి.

ఇప్పటికే ఇళ్లలో దిగి ఎదురుచూస్తున్న కాలనీలను కొత్తవాటికంటే ముందు పెట్టమని కూడా వేడుకుంటున్నాను. వాళ్లు పన్నులు కట్టారు, రుసుములు కట్టారు, మ్యాప్‌లోని చుక్కల గీతను చూసి నమ్మి వచ్చారు. ఒక కొత్త లేఅవుట్ ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, అంతకుముందు అనుమతించిన లేఅవుట్‌లో ఇంకా రానివేమిటో రాసిన కాగితం కూడా అదే ఫైలులో ఉండాలి. రెండూ చదివాకే సంతకం చేయండి.

ఇట్లు,
శివారులో ఉంటున్న ఒక పౌరురాలు